మొగ పూడిన ఏడాది

2023 మే నెలాఖరు. మా ఆఫీసు పంజగుట్ట చౌరస్తా వెనక సందులో, ఓ పాత భవనం రెండో అంతస్తులో ఉంది. కింద కళ్ళజోళ్ళ దుకాణం, పక్కన మందుల షాపు. కిటికీ తెరిస్తే మెట్రో రైలు చప్పుడు. అలాంటి చోట కూర్చుని నేను చేసేది సముద్రపు నీళ్ళ లెక్క. ఎవరికి చెప్పినా ముందు నవ్వుతారు. అమీర్‌పేటలో మా ఇంటి కింద ఇస్త్రీ బండి పెట్టుకున్నతను ఒకసారి, "హైదరాబాద్‌ల సముద్రం యాడుంది మేడం?" అని అడిగాడు. నిజమే, లేదు. కానీ రేవో, జెట్టీయో, వంతెనో కట్టాలనుకునే కంపెనీల ఆఫీసులు సోమాజిగూడలో, బేగంపేటలో ఉన్నాయి. అందుకని మేమూ ఇక్కడే ఉన్నాం.

నేను కోస్టల్ ఇంజనీర్‌ని. తీరంలో ఏదైనా కడితే అక్కడి నీళ్ళు మట్టిని ఎటు మోసుకెళతాయి, ఎక్కడ పోగేస్తాయి, ఎక్కడ తవ్వేస్తాయి అన్నది కంప్యూటర్లో లెక్కగట్టి చెప్పడం నా పని. ఆ లెక్కనే మోడల్ అంటాం. ఇన్నేళ్ళలో ఎన్నో మోడళ్ళు చేశాను. వాటిలో తిండి సహించకుండా చేసింది ఆ ఏడాది వచ్చిన ఒక చిన్న వంతెన పని.

కోస్తాలో లోతు లేని అఖాతం ఒకటి. ఒక పెద్ద నది పాయ వచ్చి అందులో కలుస్తుంది. వానాకాలంలో నది తెచ్చే ఒండ్రు అంతా ఆ అఖాతం అడుగున పరుచుకుంటుంది. అఖాతం అంచున మడ అడవుల్లోంచి ఒక ఏరు వచ్చి పడుతుంది. ఏరు సముద్రంలో కలిసే ఆ చోటుని అక్కడివాళ్ళు మొగ అంటారు. ఏటికి అవతలి ఒడ్డున మత్స్యకారుల ఊరు. ఊరి పడవలన్నీ ఆ మొగలోంచే వేటకి పోవాలి, రావాలి. మనుషులు టౌనుకి రావాలంటే నాటుపడవలో ఏరు దాటాలి. ఆ ఏటి మీద వంతెన మంజూరైంది. స్తంభాల పునాదులు ఎంత లోతుకి దించాలో చెప్పమని కాంట్రాక్టు కంపెనీ మమ్మల్ని అడిగింది. నీటి ఒరవడికి స్తంభాల మొదట్లో మట్టి కోసుకుపోతుంది. దాన్ని స్కవర్ అంటాం. మాకు అప్పజెప్పింది ఆ లెక్క ఒక్కటే.

స్తంభాల పని కోసం కంపెనీ ఏటికి అడ్డంగా మట్టికట్ట పోసింది. నీళ్ళు పోవడానికి కింద తూములు పెట్టింది. వానలు మొదలయ్యే లోపు ఆ కట్ట తీసేయాలన్నది ఒప్పందం.

ఒక మధ్యాహ్నం ఆఫీసుకి ఒకావిడ వచ్చింది. యాభై దాటి ఉంటాయి. ఎండకి కమిలిన మొహం, చేతిలో ఆస్పత్రి ఎక్స్‌రే కవరు. తలుపు దగ్గరే నిలబడి, "ఇస్మాయిల్ బాబు అడ్రసిచ్చాడండి" అంది. ఇస్మాయిల్ భాయ్ మా సర్వేయరు. ఆ ఏటి దగ్గర లోతులు కొలవడానికి నెలల తరబడి వెళ్ళి వస్తున్న మనిషి.

"మా ఏటి లెక్క కట్టేది మీరేనాండి?"

"నేనేనమ్మా. కూర్చోండి."

ఆవిడ పేరు నూకరత్నం. ఆ ఊరి వార్డు మెంబరు. ఎండుచేపల పని చేసే ఆడవాళ్ళ సంఘానికి పెద్ద. భర్తకి పేగు మెలిపడితే టౌనులో ఒక ఆపరేషన్ చేసి, పంజగుట్టలోని పెద్దాసుపత్రికి పంపించారట. పక్క వీధిలోనే.

"ఆటో మా గుమ్మం ముందుకొచ్చి ఆగిందండి. ఆ కట్ట మీంచి. మా ఊరు పుట్టాక ఆటో రావడం ఇదే. కట్ట లేపోతే మాయాయన ఏటి ఒడ్డునే పోయేవోడు" అంది. "ఇప్పుడది తీసేత్తారంట. తియ్యొద్దని మీ రిపోర్టులో ఓ ముక్క రాయండమ్మా. మీరు రాత్తే వింటారంట" అంది.

ఆ మాట మా చేతిలో లేదని చెప్పాను. మా పని పునాదుల వరకేనని చెప్పాను. ఆవిడ నా మొహంలోకే చూస్తూ కూర్చుంది. చివరికి, "సరే, చూస్తానమ్మా" అన్నాను. టీ తాగి, దండం పెట్టి వెళ్ళిపోయింది.

ఆ వారంలోనే ఇస్మాయిల్ భాయ్ ఏటి దగ్గర్నుంచి ఫోన్ చేశాడు. పడవలో ఎకో సౌండర్ పెట్టుకుని లోతులు తీస్తున్నాడు. అది శబ్దాన్ని నీళ్ళ అడుగుకి పంపి, తిరిగొచ్చే వ్యవధిని బట్టి లోతు చెప్పే పరికరం.

"మేడం, మిషన్ తప్పు జూపెడుతుందేమో అని కర్ర ముంచి సుత చూసిన. మొగ కాడ మస్తు పూడిపోయింది. పాటు టైంల మా చిన్న బోటు సుత మట్టిల కూసుంటుంది."

"తూములు పనిచేస్తున్నాయా భాయ్?"

"ఏం పనిజేస్తయి? సగం బురదతోని బందైనయి."

ఫోన్ పెట్టేసి వెంటనే మోడల్ తెరిచాను. ఎందుకో చెప్పాలంటే ఏరు ఎలా బతుకుతుందో చెప్పాలి. పోటు వేళ సముద్రపు నీళ్ళు మొగలోంచి లోపలికొచ్చి, మడల మధ్య పర్రలనే చవిటి పల్లాల్లో పల్చగా పరుచుకుంటాయి. సముద్రం వెనక్కి దిగే పాటు వేళ అవన్నీ మళ్ళీ ఆ మొగలోంచే బయటికి పోవాలి. పోయేటప్పుడు మొగలో పేరుకున్న మట్టిని ఊడ్చుకుపోతాయి. ఒక పోటుకి అలా వచ్చిపోయే మొత్తం నీటిని టైడల్ ప్రిజం అంటాం. లోతు లేని అఖాతాల్లో ఒక చిక్కుంది. పోటు విసురుగా వస్తుంది, పాటు నింపాదిగా దిగుతుంది. విసురుగా వచ్చిన నీళ్ళు మోసుకొచ్చినంత మట్టిని నింపాదిగా పోయే నీళ్ళు తీసుకుపోలేవు. పర్రల్లో నిలిచిన నీళ్ళు ఒక్కుమ్మడిగా దిగితేనే మొగ తెరుచుకుని ఉంటుంది. ఇప్పుడు కట్ట ఆ పర్రలకీ మొగకీ మధ్య ఉంది. పర్రల్లోకి నీళ్ళు పోవడం లేదు. మట్టి వస్తోంది గానీ ఊడ్చుకుపోయే నీరు లేదు.

అంతటితో అయిపోతే మొగ పూడిందని ఒక వాక్యం రాసి ఊరుకునేదాన్నేమో. కానీ నదికి వరదొస్తే కొంత నీరు పైనుంచి మడల్లోకి పొర్లి ఈ ఏట్లోకే దిగుతుంది. దిగిన నీటికి ముందు కట్ట అడ్డం, దాన్ని దాటితే పూడిన మొగ అడ్డం. మోడల్లో మామూలు వరదనే వదిలి చూశాను. తెర మీద నీలిరంగు కట్ట వెనక నిలిచి, మెల్లగా వెడల్పై, ఊళ్ళో ఏటి ఒడ్డునున్న పల్లం వీధి మీదికి పాకింది. ఇస్మాయిల్ భాయ్ పంపిన ఫోటోల్లో ఆ వీధి చూశాను. తాటాకు కప్పులు, గోడలకి ఆరేసిన వలలు, వాకిట్లో ఉయ్యాల.

మా ఆఫీసు యజమాని యాదగిరి సార్. మాట నెమ్మది, లెక్క గట్టి. తెర మీది బొమ్మని చాలాసేపు చూశారు.

"గిది పక్కానా హేమా?"

"వరదొస్తే పక్కా సార్. వరదొస్తుందో రాదో మాత్రం చెప్పలేను."

"గట్లంటే వాళ్ళు నవ్వుతరమ్మా." కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "గాని తెలిసి చెప్పకుంట ఎట్ల ఉంటం? ఒక పని చెయ్యి. నీ లెక్క తప్పని నువ్వే వాదించు. యాడన్న దొరుకుతదేమో చూడు. దొరకకపోతే పోయి చెప్దాం."

అలాగే చేశాను. మట్టి రేణువులు కొంచెం ముతకవనుకుని చేశాను, కొంచెం సన్ననివనుకుని చేశాను. తూములన్నీ శుభ్రం చేసినట్టు పెట్టి చూశాను. ఇంకో అరడజను తూములు కలిపి చూశాను. నీలిరంగు కాస్త వెనక్కి తగ్గేది గానీ పల్లం వీధిని వదిలేది కాదు. పాటు వేగం తిరిగి రావాలంటే ఏటి నడుమ కట్టని వెడల్పుగా తెంపాల్సిందే. అంత వెడల్పు మీద బల్లలు వేసి నడవడం కుదరదు. అంటే ఆటో దారి పోతుంది.

ఆ రోజుల్లో ఇంటికి నడిచే వెళ్ళేదాన్ని. అమీర్‌పేటలో తల ఎత్తితే చాలు, 'వంద శాతం గ్యారంటీ' అని కోచింగ్ సెంటర్ల బోర్డులు. నా మోడల్ మీద ఆ మాట రాయలేను. నేను చెప్పి, వాళ్ళు దారి తెంపుకుని, చివరికి వరద రాకపోతే? నేను చెప్పకుండా ఉండి, వస్తే? ఇంట్లో మా ఆయన, "ఇంకొకళ్ళ ఊరి గురించి ఇంత బెంగ ఏంటి, అన్నం తిను" అనేవారు.  టీవీలో వాతావరణం వార్త వస్తే లేచి నిలబడి వినేదాన్ని.

సోమాజిగూడలో కాంట్రాక్టు కంపెనీ మేనేజరు ప్రసాద్ గారిని కలిశాం. ఒప్పందంలో ఉన్నా, పని ఆగుతుందని ఆయన ఎదురు వాదిస్తారని సిద్ధపడి వెళ్ళాను. ఆయన వాదించలేదు.

"చూడండి మేడం, నాకూ ఆ ఏరంటే భయమే. కట్ట తియ్యనని నేనట్లేదు. జేసీబీ పంపితే ఊరు ఊరంతా వచ్చి అడ్డంగా కూర్చుంది. మీ ఆఫీసులో మేడం గారు తియ్యొద్దని రాస్తానన్నారంట, వాళ్ళు అదే చెబుతున్నారు."

యాదగిరి సార్ నా వైపు తిరిగారు. నా 'చూస్తాను' అన్న మాట ఏటి ఒడ్డు చేరేసరికి 'రాస్తాను' అయింది.

"నూకరత్నం గారు ఇక్కడే ఆస్పత్రిలో ఉన్నారు. నేను మాట్లాడతాను" అన్నాను. లేచి వచ్చేముందు, "కట్ట తెంపితే ఇంజను పడవ ఒకటి, దానికి మనిషి, రాత్రీ పగలూ ఊరి రేవులో ఉండాలి సార్. ఆ మాట మీరివ్వాలి" అని ప్రసాద్ గారిని అడిగాను. ఆయన వెంటనే ఒప్పుకున్నారు.

ఆస్పత్రిలో వార్డు బయట వరండాలో నేల మీద దుప్పటి పరుచుకుని కూర్చుని ఉంది నూకరత్నం. నన్ను చూడగానే ఆవిడ మొహం వెలిగింది. రాసేశానని చెప్పడానికి వచ్చాననుకుంది. నేనూ ఆవిడ పక్కనే కూర్చున్నాను. మొగ సంగతి, పర్రల సంగతి, పల్లం వీధి సంగతి, రేవులో పెట్టే పడవ సంగతి మొత్తం చెప్పాను.  ఆవిడ అంతా విన్నాక అడిగింది.

"నీళ్ళొత్తాయని కాయంగా సెప్పగలవా తల్లీ?"

"చెప్పలేనమ్మా. వస్తే పోయే దారి లేదని మాత్రం చెప్పగలను."

"రేవులో పడవెడతారన్నావు. పాటు యేళ అది మట్టిలో కూసుంటాది కదా?"

"కూర్చుంటుంది. మొగ మళ్ళీ తెరుచుకునేదాకా, పాటు వేళ కాసేపు ఊరికి దారుండదు."

"ఆ కాసేపట్లో ఎవలికన్నా పేణం మీదికొత్తే? అది నీ కంప్యూటర్లో ఉందా?"

"లేదమ్మా."

ఆవిడ వార్డు తలుపు వైపు చూసింది. లోపల భర్త నిద్రపోతున్నాడు. ఒక నర్సు మా కాళ్ళు దాటుకుంటూ వెళ్ళింది.  'పోనీ, నా లెక్క ఇంకోసారి చూసుకుంటాను' అని లేచి పారిపోవాలనిపించింది.

"మా ఇల్లు మెరక మీదుంది" అంది చివరికి. "నీళ్ళొత్తే మునిగేది నేను కాదు. కట్టుంటే బాగుపడింది నేను. కాబట్టి తెంపమనే మాట నేనే సెప్పాలి. ఇంకెవలు సెప్పినా ఊరు ఇనదు."

అక్కడే ఫోన్ తీసి ఊరికి చేసింది. మొదట మెల్లగా, తర్వాత గట్టిగా, చివర ఏడుస్తూ మాట్లాడింది. నేను ఆవిడ పక్కన చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

జూన్‌లో కట్ట తెంపారు. నీళ్ళు గట్లు కోసుకుంటూ పర్రల్లోకి దూకుతున్న వీడియో ఇస్మాయిల్ భాయ్ పంపించాడు. వెనక ఆడవాళ్ళ కేకలు వినిపించాయి. సంతోషమో దుఃఖమో పోల్చుకోలేకపోయాను.

తర్వాత వానల్లేవు. ఆకాశం తేటగా ఉంది. రోజూ పొద్దున ఆఫీసుకి రాగానే నది పై ప్రాంతాల వాన వివరాలు చూసేవాళ్ళం. యాదగిరి సార్ నా బల్ల దగ్గర ఒక్క నిమిషం నిలబడి వెళ్ళిపోయేవారు. వరద రావాలని మనసులో ఎక్కడో కోరుకుంటున్నానని తెలిసి నాకే భయమేసింది.

అప్పుడే ఇస్మాయిల్ భాయ్ ఫోన్ చేశాడు. గొంతు వేరేగా ఉంది.

"మేడం, ఊళ్ళె వీర్రాజు అని ఒకాయనను పాము కరిచింది. పాటు టైం. బోటు మట్టిల ఉన్నది. భుజాల మీద ఎత్తుకొని బురదల నడిచిన్రు. నడుముల దాకా దిగబడ్డరు. జర లేటైంది మేడం."

"బతికాడా భాయ్?"

"బతికిండు. కాలు తీసేసిన్రు."

ఆ రోజు ఇంకేమీ చెయ్యలేకపోయాను. యాదగిరి సార్‌కి చెబితే కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చున్నారు. "ఫికర్ చెయ్యకు" అని ఎప్పుడూ అనే మనిషి, ఆ రోజు ఆ మాట అనలేదు.

జూలైలో వరదొచ్చింది. పెద్ద వరదేమీ కాదు. అఖాతమంతా టీ రంగుకి తిరిగింది. ఏట్లోకి దిగిన నీరు తెంపిన కట్ట మధ్యలోంచి పరుగెత్తి మొగని కోసుకుంటూ పోయింది. పల్లం వీధి వాకిళ్ళ దాకా వచ్చి, గడపలు తడిపి, తర్వాతి పాటుకి దిగిపోయింది. వరద తీశాక ఇస్మాయిల్ భాయ్ కొలిస్తే, పడవలు పాటు వేళ కూడా తిరిగేంతగా మొగ తెరుచుకుంది. అదే వరదని నేను తెంపని కట్టతో మోడల్లో మళ్ళీ వదిలాను. పల్లం వీధి ఇళ్ళలో నీళ్ళు మనిషి నడుం దాటి నిలిచాయి. ఆ బొమ్మని ప్రసాద్ గారికి పంపితే, "మంచి పని చేశాం మేడం" అని జవాబిచ్చారు.

చలికాలంలో మొగ కొలతల కోసం ఇస్మాయిల్ భాయ్‌తో నేనూ ఆ ఊరు వెళ్ళాను. మోడల్లో ప్రతి మలుపూ తెలిసిన ఏటిని కళ్ళతో చూడటం అదే మొదలు. రేవులో నూకరత్నం ఎదురొచ్చింది. భర్త కోలుకుని ఇంటి దగ్గర ఉన్నాడంది. అన్నం పెడతానంది గానీ ఇంటికి తీసుకెళ్ళలేదు. మెరక వీధిలో ఇంకో ఇంటి ముందు ఆగింది. అరుగు మీద నలభై ఏళ్ళ మనిషి కూర్చుని వల కుడుతున్నాడు. లుంగీ ఒకవైపు ఖాళీగా మడిచి ఉంది.

"ఈవిడే వీర్రాజూ, కట్ట తెంపమన్నావిడ" అంది నూకరత్నం. నా వైపు తిరిగి, "నేను సెప్పాల్సింది నేను సెప్పాను. మీరూ సెప్పండి" అంది.

అరుగు మీద ఆయన పక్కనే కూర్చున్నాను. ఆస్పత్రి వరండాలో చెప్పిందంతా మళ్ళీ చెప్పాను.  ఆయన వల కుట్టడం ఆపి విన్నాడు.

"కట్ట తెంపకుండా ఉండుంటే మా ఇంటికి నీళ్ళొచ్చేయాండి?"

"వచ్చేవి కాదండి. పల్లం వీధికే వచ్చేవి."

తల ఊపాడు. కోపం చూపిస్తాడనుకున్నాను. పల్లం వీధి మునిగిన ఆ మోడల్ బొమ్మ నా సంచిలోని లాప్‌టాప్‌లో ఉంది. తీసి చూపించడానికి చెయ్యి రాలేదు.

"బిరిడ్జి ఎప్పటికవుద్దండి?" అన్నాడు.

"వచ్చే వేసవి తర్వాత అంటున్నారు."

"ఆగకుండా సూడండి" అని మళ్ళీ వల అందుకున్నాడు.

వంతెన ఆ తర్వాతి ఏడాది పూర్తయింది. మా లెక్క ప్రకారమే పునాదులు దించారు. స్తంభాల మధ్య నీరు బాగా ఆడుతోంది, మొగ తెరుచుకునే ఉంది. వృత్తిపరంగా అది బాగా కుదిరిన పనే. అయినా ఎవరైనా కొత్తగా ఈ పనిలోకి వచ్చి, ఇందులో కష్టమేమిటని అడిగితే, నేను ఒండ్రు గురించి చెప్పను. ఆ ఏటి విషయంలో మా లెక్క నిజమే. నూకరత్నాన్ని అడిగాం, పల్లం వీధి గురించి ఆలోచించాం, పాటు వేళ దారుండదని తెలిసే కట్ట తెంపమన్నాం. ఇప్పుడైనా అదే చెబుతాను. కానీ ఆ కాసేపటి ఖరీదు చెల్లించాల్సి వచ్చిన మనిషికి ఆ మాట మొదట చెప్పింది కాలు పోయాకనే.

ఇప్పుడు ఏ పనికైనా మోడల్ మొదలుపెట్టకముందే ఒకసారి ఆ ఊరు వెళ్ళి వస్తున్నాను. నీళ్ళొస్తే మునిగేవాళ్ళ ఇళ్ళకే కాదు, మునగనివాళ్ళ ఇళ్ళకి కూడా వెళతాను. పని జరిగినన్నాళ్ళూ మీరు ఎలా దాటతారు, పాటు వేళ రోగిని ఎటు తీసుకెళతారు అని అడుగుతాను. "ఇది మీ పని కాదు కదా మేడం" అని కంపెనీలవాళ్ళు విసుక్కుంటారు. నేను వాళ్ళతో వాదించను. వెళ్ళి, అరుగు మీద కూర్చుని, అడిగి వస్తాను.